ఆ బాల్ మీదేనండీ, వదలొద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వాలీబాల్‌వే ఎక్కువ, అందులోనూ ఆడా మగా కలిసి సరదాగా ఆడే అవుట్‌డోర్ లీగ్‌ల గురించి. అందుకే మిగతా ఆటల ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి ఇవాళ పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా టీమ్‌లో ముగ్గురం ఆడవాళ్ళం, ముగ్గురు మగవాళ్ళు. గడ్డి గ్రౌండ్ మీద ఆడతాం. నా వైపు సర్వీస్ వస్తే చాలు, పక్కనున్న అతను దూకి తీసేసుకుంటాడు. నాకు పాస్ బాగానే వచ్చు, కాలేజీ టీమ్‌లో ఆడాను కూడా. మనిషి మంచివాడే, గెలవాలన్న తాపత్రయం అంతే. గొడవ లేకుండా ఎలా చెప్పాలి?
– పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు దీన్ని మర్యాదకి సంబంధించిన విషయంలా చూస్తున్నారు గానీ ఇది ఆటకి సంబంధించిన విషయం కూడానండీ, అలా చెప్తేనే అతనికి ఎక్కుతుంది. అతను మీ బాల్ కోసం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పరిగెడుతూనే బాల్ తీసుకుంటాడు, కాళ్ళు నిలదొక్కుకోవు, చేతులు పక్కకి తిరిగిపోతాయి, పాస్ సెట్టర్ (రెండో టచ్‌లో స్మాష్‌కి బాల్ లేపి ఇచ్చేవాళ్ళు) దగ్గరికి పోదు. అతను ఫ్రంట్ రోలో, అంటే నెట్ దగ్గరి వరసలో ఉంటే ఇంకా నష్టం, ఎందుకంటే మీ వైపు వచ్చేసినవాడు మళ్ళీ తన చోటికి వెళ్ళి స్మాష్‌కి అడుగులు వేసుకునే టైం ఉండదు, అంటే గట్టిగా కొట్టేవాణ్ణి మనమే ఆ పాయింట్‌లోంచి తీసేసుకున్నట్టు. పైగా అతను వదిలొచ్చిన చోటు ఖాళీ, అవతలివాళ్ళు దాన్ని కనిపెట్టారంటే ఇక సర్వీస్‌లన్నీ అక్కడికే వేస్తారు.

ఇదంతా పాయింట్ అయిపోయిన కోపంలో చెప్పకండి. మ్యాచ్‌కి ముందు అందరూ ఉన్నప్పుడు, ఎవరి పేరూ ఎత్తకుండా, "సర్వీస్ రిసీవ్‌లో ఎవరి ఏరియా ఎంతవరకు?" అని కెప్టెన్‌ని అడగండి. సెట్టర్ నెట్ దగ్గరుండి మిగతా ఐదుగురూ ముందు ముగ్గురు, వెనక ఇద్దరుగా నిలబడి తీసుకునే పద్ధతి అయితే గీత గీసినట్టు పంచుకోవచ్చు. ఇద్దరి మధ్యలో పడే బాల్ ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి, నన్నడిగితే అది పాస్ బాగా చేసేవాళ్ళదే, అది మీరే కావచ్చు. ఇంకోటి, చాలా లీగ్‌ల్లో సర్వీస్ వరసలో ఆడా మగా ఒకరి తర్వాత ఒకరు ఉండాలి కదా, అంటే మీకు అటూ ఇటూ ఎప్పుడూ మగవాళ్ళే ఉంటారు. ఇతను ఒక్కడు మారితే సరిపోదు, ఆ ఒప్పందం టీమ్ మొత్తానికీ ఉండాలి.

మీ వైపు నుంచి కూడా ఒక పని ఉంది. బాల్ నెట్ దాటకముందే "నాది" అని గట్టిగా అరవండి, మొహమాటం వద్దు. లేటుగా మెల్లిగా అంటే పక్కవాడికి అది డౌట్‌లా వినిపిస్తుంది, డౌట్ అనిపిస్తే ఎవడైనా దూకుతాడు. మీరు అరిచాక కూడా వస్తుంటే మాత్రం అది ఇక మీరు మోయాల్సిన బరువు కాదు, కెప్టెన్ చూసుకోవాలి, ఒక సెట్ బయట కూర్చోబెట్టే అధికారం కెప్టెన్‌కి ఉందిగా.

ప్రశ్న: ఆడవాళ్ళ టచ్ ఒకటి తప్పనిసరి అన్న రూల్ ఉందని మేం ఒక అమ్మాయినే సెట్టర్‌గా పెట్టాం. ఒక్క ఫౌల్ కూడా రావట్లేదు, గెలుస్తున్నాం. కానీ మిగతా ఇద్దరమ్మాయిలూ వచ్చే సీజన్‌కి రామంటున్నారు. కారణం అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు.
– ఒక కెప్టెన్

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది బాబూ. అమెరికా వాలీబాల్ సంఘం యూఎస్ఏ వాలీబాల్ పెట్టిన కో-ఎడ్ (ఆడా మగా కలిసి ఆడే ఆట) రూల్ ఏంటంటే టీమ్ ఒకటి కంటే ఎక్కువసార్లు బాల్ తాకితే అందులో కనీసం ఒక టచ్ ఆడవాళ్ళది అయ్యుండాలి, బ్లాక్‌ని (నెట్ దగ్గర చేతులెత్తి అవతలివాళ్ళ బాల్‌ని ఆపడాన్ని) టచ్‌గా లెక్కెయ్యరు. చాలా లీగ్‌లు ఇదే పాటిస్తాయి. సెట్టర్ అమ్మాయి అయితే రెండో టచ్‌తోనే రూల్ తీరిపోతుంది, ఇక మిగతా ఇద్దరికీ బాల్ ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ కనపడదు. సర్వీస్ చెయ్యడం, రొటేట్ అవ్వడం, నిలబడి చూడడం, సీజనంతా వాళ్ళకి మిగిలింది అదే. నవ్వి ఊరుకున్నారంటే మీతో గొడవెందుకని. నాకైతే ఆ నవ్వు చాలా బాధ కలిగించింది.

సెట్టర్‌ని మార్చక్కర్లేదు. సెట్లు, అంటే ఆమె స్మాష్‌కి లేపి ఇచ్చే బాల్స్, ఎవరికి వెళ్తున్నాయో చూడండి, మగవాళ్ళకే వెళ్తుంటే అవతలి బ్లాకర్లు కూడా వాళ్ళ ఎదురుగానే నిలబడతారు, అప్పుడు పక్క చివర ఉన్న అమ్మాయికి ఎదురుగా ఎవరూ ఉండరు, అంత మంచి అవకాశం వదులుకుంటారా? నెట్ ఎత్తుగా ఉంది, కొట్టలేరు అని మీరే తీర్మానించెయ్యకండి. ఫుల్ స్మాష్ అవసరమే లేదు, మణికట్టు తిప్పుతూ వెనక మూలకి వేసే మెత్తని షాట్, బ్లాక్ వెనక ఖాళీలోకి వదిలే టిప్, ఇవే సరదా లీగ్‌ల్లో చాలా పాయింట్లు తెస్తాయి (ఇసుకలో ఆడితే వేళ్ళు తెరిచి టిప్ వెయ్యకూడదు, పిడికిలితోనో వేళ్ళ కణుపులతోనో వెయ్యాలి). వార్మప్‌లో ఆ అమ్మాయిలిద్దరికీ సెట్లు వెయ్యండి, మ్యాచ్ మొదట్లోనే వాళ్ళకో బాల్ ఇవ్వండి. మొదటి రెండు బయటికి పోతాయేమో, పోనివ్వండి, మూడోది కూడా ఇవ్వండి. మగవాళ్ళు రెండు బయటికి కొడితే సెట్లు ఆపేస్తున్నామా చెప్పండి?

ప్రశ్న: నెట్ ఎంత ఎత్తు కట్టాలి? మా దగ్గర ప్రతీసారీ ఇదే పంచాయితీ.

జవాబు: మగవాళ్ళ ఆటకి నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్ళ ఆటకి 2.24. మామూలు కో-ఎడ్‌కి 2.43 కడతారు. 2.24 కట్టే రివర్స్ కో-ఎడ్ అని ఇంకోటుంది, అందులో మగవాళ్ళు నెట్‌కి 3 మీటర్ల దూరంలో ఉండే గీత వెనక నుంచే ఎటాక్ చెయ్యాలి. మీ దగ్గర ఆటగాళ్ళ బలంలో తేడా బాగా ఉంటే నా ఓటు రెండోదానికే, నెట్ మీద నుంచి మొహానికి దగ్గరగా వచ్చే స్మాష్‌లు తగ్గుతాయి. కానీ 2.24 కట్టి ఆ గీత రూల్ మర్చిపోతే మాత్రం ప్రమాదం, రెండూ కలిసే ఉండాలి. కొలత నెట్ మధ్యలో తీసుకోండి, చివర్లు రెండూ సమానంగా ఉండాలి, మధ్యకంటే 2 సెంటీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. బయట కట్టిన నెట్ ఆడుతుండగానే సాగి జారుతుంది, సెట్ సెట్‌కీ తాడు బిగించండి.

ప్రశ్న: గాలి ఉన్న రోజు మా ఆట మొత్తం పాడైపోతోంది. ఏమైనా చిట్కా?

జవాబు: బాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు, అంత తేలికైనదాన్ని గాలి వదిలిపెట్టదు, కాబట్టి బాల్ గాల్లో ఉండే టైం తగ్గించడమే పని. పాస్ ఎత్తుగా లేపొద్దు, సెట్ కూడా తక్కువ ఎత్తులోనే, సర్వీస్‌కి టాస్ చాలా చిన్నగా. ఎదురుగాలిలో ధైర్యంగా గట్టిగా కొట్టండి, బాల్ లోపలే పడుతుంది, పైగా ఊగుతూ వెళ్ళి అవతలివాళ్ళని తిప్పలు పెడుతుంది. గాలి మన వెనకుంటే అదే దెబ్బకి బయటికి పోతుంది, అప్పుడు కాస్త తగ్గించి టాప్‌స్పిన్ (బాల్ ముందుకి తిరుగుతూ తొందరగా కిందకి దిగేలా) వెయ్యండి. సెట్టర్ బాల్ కిందకి చేరేలా కాళ్ళు చకచకా కదలాలి, నిలబడి చేతులు చాపితే దొరకదు. బీచ్ వాలీబాల్‌లో మొదటి రెండు సెట్లలో ప్రతి 7 పాయింట్లకి వైపులు మారతారు, గాలీ ఎండా ఇద్దరికీ సమానంగా పంచినట్టు. గడ్డి మీద ఆడే లీగ్‌ల్లో ఆ రూల్ లేకపోతే ఇద్దరు కెప్టెన్లూ టాస్ దగ్గరే మాట్లాడుకుని పెట్టుకోండి, ఒప్పుకోనివాళ్ళు తక్కువ.

ప్రశ్న: నెట్ కింద అవతలివాళ్ళ కాలు మీద పడి నా స్నేహితురాలికి చీలమండ బెణికింది. సెంటర్ లైన్ దాటినా ఫౌల్ కాదంటున్నారు, నిజమేనా?

జవాబు: ఇండోర్ రూల్ ప్రకారం పాదంలో కొంత భాగం గీతని తాకుతూనో సరిగ్గా దాని పైన గాల్లోనో ఉంటే, ఎదుటివాళ్ళ ఆటకి అడ్డం రాకపోతే ఫౌల్ కాదు, అది నిజమే. కానీ ఆ రూల్‌ని సరదా లీగ్‌లో ఉన్నదున్నట్టు పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. వాలీబాల్‌లో చీలమండ బెణుకులు ఎక్కువగా అయ్యేదే అక్కడ, బ్లాక్‌కో స్మాష్‌కో ఎగిరి దిగేటప్పుడు. గీత దాటి పాదం పడితే ఫౌల్ అని మీ లీగ్‌లో రాసుకోండి, గడ్డి మీద గీత సరిగ్గా కనపడకపోతే నెట్ కింద రంగు టేప్ వెయ్యండి. మీ స్నేహితురాలిని వాపు తగ్గిందని వెంటనే దింపకండి, ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగేదాకా ఆగమనండి. ఈలోపు స్కోర్ చూసే పని ఇవ్వండి, టీమ్‌తోనే ఉంటుంది.