పాత బడి బాగుచేసే ముందు

చి॥ అబ్బాయికి పెద్దనాన్న దీవించి రాసేది.

మన ఊరి పాత బడిని బాగుచేయించి లైబ్రరీ పెడతావంట. మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఒకటే సంతోషం, ఒకటే టెన్షన్.

పర్మిషన్ కాగితం చేతికొచ్చేదాకా గోడమీద గునపం వెయ్యొద్దు. వైరింగ్ మొత్తం మార్పించు. పాత రికార్డుల కోసం ఒంగోలు ఒక్కటే తిరిగి, లేవంటే వచ్చేయకు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మన కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. జిల్లా బోర్డు నాటి బడి కదా, నెల్లూరులో కూడా అడుగు. మా నోటికి ఇప్పటికీ అది బోర్డు స్కూలే.

ఇక అసలు సంగతి. ఆ గోడలకు సిమెంటు తగలనియ్యకు.

నేను పనిచేసిన ఓ ఊళ్ళో అచ్చం ఇలాంటి బడే ఉండేది. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాల మీద మిద్దె. కాంట్రాక్టరు సున్నం పూతంతా చెక్కించి, సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి రంగు కొట్టించాడు. బడి పెళ్ళికొడుకులా తయారైంది. పాత గోడలకు పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదబ్బయా. నేలలో తడి పైకెక్కుతుంది, సున్నం దాన్ని గాలికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. వానలు పోయాక మోకాలెత్తున ఉప్పు తేలి పెచ్చులు లేచాయి. దానిమీద మళ్ళీ సిమెంటే పూశారు! మిద్దె పగుళ్ళలోంచి దిగిన వాననీళ్ళూ గోడలోనే ఉండిపోయి, దూలం కొస లోలోపల కుళ్ళింది. కిందినుంచి చూస్తే నిక్షేపంగా ఉంది, వార్నిష్ మెరుస్తోంది. దసరా సెలవుల్లో కూలింది కాబట్టి సరిపోయింది. ఇటుకల కింద మూడో తరగతి పిల్లల పలకలు కనిపించేసరికి నాకు కాళ్ళాడలేదు.

అందుకే దూలం నడుము చూసి మురిసిపోకు. గోడలోకి వెళ్ళే కొసను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. మెత్తగా దిగిందా, కింద ఆసరా పెట్టించేదాకా ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వకు.

సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రిని వెతుకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు వాయుగుండాల భయమే, సంక్రాంతి దాటాక మొదలుపెట్టు. సున్నం గాలి తగిలి నిదానంగా గట్టిపడుతుంది. ఎండకు గబగబా ఆరితే పగులుతుంది, తడి గోనెపట్టాలు కప్పించు. సిమెంటైతే వారంలో అయిపోద్ది సార్ అంటారు. నీకు మొహమాటం జాస్తి, అంతా మీ నాన్న పోలిక. కుదరదని మొహంమీదే చెప్పు.

మిద్దె మీదికి ఒక్కడివే ఎక్కబాక. దూలాలు చూసిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.