డుకాటీ టైమింగ్ బెల్టు: ఎంత బిగువు ఉండాలి?

ప్రశ్న: 2018 డుకాటీ స్క్రాంబ్లర్ 800 సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 14,000 కి.మీ. తిరిగింది. టైమింగ్ బెల్టులు ఒక్కసారీ మార్చలేదట. లూజుంటే బిగిస్తే సరిపోతుందా? – ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బిగించొద్దు, మార్చేయండి. టైమింగ్ బెల్టంటే క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) తిరుగుడును క్యామ్‌కు (వాల్వులను తెరిచే ఇరుసు) అందించే పళ్ల రబ్బరు బెల్టు. ఈ 803 సీసీ ఇంజన్‌లో బెల్టుల గడువు 24,000 కి.మీ. లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. మీకు కిలోమీటర్లు మిగిలాయిగానీ ఏళ్లు ఎప్పుడో దాటాయి. బండి షెడ్డులోనే ఉన్నా రబ్బరు గట్టిపడుతుంది. పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, అంచుల్లో లేచిన దారాలు, నూనె మరకలు కనిపిస్తే అసలు స్టార్ట్ చేయకండి. బెల్టు ఒక్క పన్ను జారినా టైమింగ్ తప్పుతుంది. తెగితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. సిలిండర్‌కు ఒకటి చొప్పున రెండు బెల్టులుంటాయి. ఒకటే మార్చి డబ్బు మిగిల్చామనుకోవడం వట్టి భ్రమ.

ప్రశ్న: కొత్త బెల్టు బిగువు ఇంట్లో చూసుకోవచ్చా? శబ్దాన్ని బట్టి బిగువు చూసే ఫోన్ యాప్‌ను నమ్మొచ్చా?

జవాబు: చూసుకోవచ్చు, కానీ ఇంజన్ రాత్రంతా చల్లారాకే. వేడికి అల్యూమినియం సిలిండర్ సాగి పుల్లీల మధ్య దూరం పెరుగుతుంది, బెల్టు బిగువుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

స్పార్క్ ప్లగ్గులు తీసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని ముందుకే తిప్పుతూ పుల్లీల మీది గుర్తులను కవర్ల మీది గుర్తులతో కలపండి. కదలని రోలర్‌కూ బెల్టుకూ మధ్య 5 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల పానా) కాస్త పట్టుకుంటూ దూరాలి, 6 మి.మీ.ది దూరకూడదు. తేడా ఉంటే టెన్షనర్ రోలర్ (బిగువు సరిచేసేది) బోల్టులు రెండూ కొంచెం వదిలి, రోలర్‌ను బెల్టు మీదకు నెట్టి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించండి. బోల్టు బిగిసేటప్పుడు రోలర్ తనూ కాస్త కదులుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. అందుకే బిగించాక క్రాంక్‌ను 2 చుట్లు తిప్పి (క్యామ్ 1 చుట్టు తిరుగుతుంది) గుర్తులూ, కీ కొలతా మళ్లీ చూడండి. బెల్టును మాత్రం మడవకండి, మెలితిప్పకండి. లోపలి దారాలు విరుగుతాయి.

యాప్ మంచిదే. ఫోన్ మైకు దగ్గరగా పెట్టి, బెల్టును వీణ తీగలా మీటండి. వచ్చిన హెర్ట్జ్‌ను (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె) మీ మోడల్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. శ్రుతి 10 శాతం తగ్గిందంటే బిగువు దాదాపు 19 శాతం తగ్గినట్టు. ‘ఎందుకైనా మంచిది’ అని అతిగా బిగిస్తే రోలర్, క్యామ్ బేరింగులు అరుగుతాయి.

ప్రశ్న: మా యాక్టివా బెల్టునూ ఇలాగే బిగించాలా?

జవాబు: అక్కర్లేదు. అది టైమింగ్ బెల్టు కాదు, వెనక చక్రానికి శక్తినిచ్చే వేరియేటర్ బెల్టు. వెనక పుల్లీలోని స్ప్రింగే దాన్ని బిగువుగా ఉంచుతుంది. చూడాల్సింది వెడల్పు: వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) కొలిచి, మాన్యువల్‌లోని హద్దు కన్నా తక్కువుంటే మార్చండి.