యుకతాన్‌లో మాయా ఇంట్లో ఉండి భాష నేర్చుకోవాలంటే

మీ ప్రశ్న: అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతున్నారు, వేసవిలో ఆరు వారాలు మెక్సికోలోని యుకతాన్‌లో ఒక మాయా కుటుంబంతో ఉంటూ వాళ్ల మాయా భాష నేర్చుకోవాలి, స్పానిష్ అంతంతమాత్రం. ఏమేం చూసుకోవాలి?

ముందు ఊరు. యుకతాన్ రాజధాని మెరిదా నగరంలో ఉంటే మీకు వచ్చేది స్పానిషే. మాయా మాట్లాడేవాళ్లు 2020 జనగణన ప్రకారం 7 లక్షలకు పైనే, కానీ భాష గట్టిగా నిలిచింది వాయదోలిద్ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లాంటి చోట్ల. ఇల్లు కుదిర్చేవాళ్లను ఒక్కటే అడగండి: ఆ ఇంట్లో పిల్లలు ఆడుకునేటప్పుడు ఏ భాష మాట్లాడుకుంటారు? "పెద్దవాళ్లకు మాయా వచ్చు" అనే జవాబు చాలదు.

కాగితాల పని తక్కువే. చెల్లే అమెరికా వీసా ఉంటే భారతీయ పాస్‌పోర్టుకు 180 రోజుల దాకా మెక్సికో వీసా అక్కర్లేదు. దిగగానే అధికారి ఎన్ని రోజులు రాశారో కౌంటరు దగ్గరే చూసుకోండి, తక్కువ వేసే అవకాశం ఉంది. ఐ-20 (మీ కాలేజీ ఇచ్చే ఎఫ్-1 పత్రం) మీద ప్రయాణ సంతకం ఏడాది దాటి ఉండకూడదు. అమెరికా వీసా గడువు తీరినా తిరిగి అమెరికాలోకి రానిచ్చే వెసులుబాటు 30 రోజుల లోపు ప్రయాణాలకే. ఆరు వారాలకు దాన్ని నమ్ముకోవద్దు.

ఇక అసలు కష్టం ఉచ్చారణ. మాయాలో మామూలు క కాక గొంతు బిగించి పలికే క్’ ఇంకొకటి ఉంది. ప, త, చ, త్స లకూ ఇలాంటి జోడీలే. తెలుగువాళ్లు దీన్ని ఖ అనేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఖ లో ఊపిరి బయటికొస్తుంది. క్’ లో గొంతు మూసుకుని ఉంటుంది, ఊపిరితిత్తుల గాలి కదలదు. పరీక్ష సులువు: ఊపిరి బిగబట్టి పలకండి. శబ్దం టక్కున వస్తే సరైనది, రాకపోతే మీరు ఖ అంటున్నట్టే. కాన్ అంటే పాము. క్’ఆన్ అని స్వరం పైకెత్తితే పడుకునే వల ఉయ్యాల. మధ్యలో గొంతు ఆపి కఅన్ అంటే ఆకాశం. వెళ్లేముందు ఈ మూడే రోజుకు పది నిమిషాలు సాధన చేయండి. హ్రస్వ దీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చాయి కాబట్టి అచ్చుల నిడివి ఇంగ్లీషువాళ్లంత ఇబ్బంది పెట్టదు. స్వరం ఎత్తడం దించడం మాత్రం కొత్త. త ను ట లా పలక్కండి.

లెక్కపెట్టడంలో తెలుగు మళ్లీ ఆదుకుంటుంది. మనకు ఇద్దరు, రెండు వేరైనట్టే వాళ్లకూ ప్రాణమున్నవాటికి కఅతూల్, వస్తువులకు కఅప్’ఏల్. తేడా ఏమిటంటే, కుక్కలకూ కోళ్లకూ కూడా తూల్ వాడాలి. నాలుగు దాటితే ఇంట్లో చాలామంది స్పానిష్ అంకెలే అంటారు. తరగతిలో "అసలు మాయా" అంకెలు నేర్పితే నేర్చుకోండి, కానీ ఇంటి పెద్దావిడను సరిదిద్దకండి. అదొక్కటి చేస్తే ఆమె మీతో స్పానిష్‌కు మారిపోవచ్చు.

మీకు దొరికే అసలు తరగతి వంటిల్లే, అంటే క్’ఓబెన్, మూడు రాళ్ల పొయ్యి. ముందు రోజు మొక్కజొన్నను సున్నంతో ఉడికిస్తారు, పొద్దున కడిగి మరకు పట్టుకెళ్తారు. ఆ పిండిని చేత్తో గుండ్రంగా తట్టి పెనం మీద వేస్తారు. వాహ్ అనే ఆ రొట్టె లేకుండా భోజనం లేదు. పిండి జారుడైతే చేతికి అంటుకుంటుంది, పొడిగా ఉంటే అంచులు పగుళ్లు వారతాయి. మీ రొట్టె చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ పని గంటల తరబడి సాగుతుంది, మాటలు అప్పుడే దొరుకుతాయి. చేతిలో ఉన్నది చూపించి "బిష్ ఉ యఅలఅల్ ఇచ్ మాయా?" అనండి: దీన్ని మాయాలో ఏమంటారు? అర్థం కాకపోతే "మఅ తిన్ నఅతిక్". తల ఊపి సరిపెట్టుకుంటే రెండో వారానికి మీకన్నీ వచ్చనుకుని వేగం పెంచుతారు.

శాకాహారులైతే ముందే చెప్పాలి. మాంసం వద్దంటే చాలదు: కోడి తింటారా అని అడుగుతారు, చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేస్తారు. కోడి, పంది కొవ్వు రెండిటి పేరూ విడిగా చెప్పండి. మిరపకాయల గురించి దిగులక్కర్లేదు, అబనేరో మన గుంటూరును మరిపిస్తుంది.

సాయంత్రం స్నానం తప్పనిసరి అనుకోండి. బకెట్, చెంబు పద్ధతి మనకు కొత్తేం కాదు. "త్స్’ఒఒక్ వా అ విచ్‌కీల్?" (స్నానమైందా?) అని రోజూ వినపడుతుంది. ఎండలోంచి వచ్చి వెంటనే చన్నీళ్లు పోసుకోనివ్వరు, వేడి-చలువ పట్టింపు వాళ్లకూ ఉంది.

ఉయ్యాలలో నిలువుగా పడుకుంటే నడుం పట్టేస్తుంది. అడ్డంగా, ఐమూలగా పడుకోండి, అప్పుడు వల చదునుగా సాగుతుంది. జూన్, జూలై వానల్లో దోమలెక్కువ, ఉయ్యాలకు సరిపడే దోమతెర అక్కడే కొనుక్కోండి. డిసెంబరులో వెళ్తే చలి కిందనుంచి వస్తుంది, కాబట్టి దుప్పటి పైన కాదు, ముందు ఒంటి కింద వేసుకోవాలి.