20వ తేదీ దాటినాకే తిరుగుళ్లు, అల్లుడూ

అల్లుడూ,

నెల్లూరులో ఆడిటర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ ఖాయమైందనీ, కావలి నుంచి రోజూ వచ్చిపోతావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పెట్టిన మెసేజీ కూడా చూశా: "మామా, శనివారాలు సెలవిస్తారా, ఫ్రెండ్స్‌తో మైపాడు బీచ్‌కి పోవాలి" అని. దానికి అవుననీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పలేను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆడిటర్ ఆఫీసు వారాల్ని బట్టి నడవదురా, తేదీల్ని బట్టి నడుస్తుంది. పోయిన నెల కోసుకున్న టీడీఎస్, అంటే డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే ఇన్‌కంటాక్స్, 7వ తేదీకల్లా కట్టాలి. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కి 11 గడువు. 14న జీఎస్టీ పోర్టల్లో 2బి వస్తుంది, అంటే మన పార్టీకి (లెక్కలు మనకిచ్చే వ్యాపారికి) సరుకు అమ్మినవాళ్లు ఏ బిల్లులు చూపించారో ఆ చిట్టా. 15కి పీఎఫ్, ఈఎస్ఐ. 20కి 3బి రిటర్ను, జీఎస్టీ కట్టేది దాంతోనే. మూడు నెలలకొకసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకి మన రాష్ట్రంలో అమ్మకాల రిటర్నుకి 13, 3బికి 22. అవి నెలనెలా రావు. ఇప్పుడు క్యాలెండర్ ముందేసుకో. 1 నుంచి 11 దాకా ఊపిరాడదు, 12, 13 కాస్త తెరిపి, 14 నుంచి 20 దాకా మళ్లీ ఊపిరాడదు. 21 నుంచి నెలాఖరు దాకా ఉండే పది రోజులే నీవి. మైపాడైనా, సెకండ్ షో అయినా, స్నేహితుడి అక్క పెళ్లయినా ఆ పది రోజుల్లో సెలవడిగితే ఎవరూ కాదనరు. 18న అడిగితే మాత్రం పైకేమీ అనరు గానీ, నువ్వు ఎట్టాంటోడివో ఆరోజే లెక్కేసుకుంటారు. జూలైలో పడితే ఈ లెక్క కూడా చెల్లదు, 31 జీతగాళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్నుల గడువు కాబట్టి నెలంతా తిరునాళ్లే.

చేరేముందు కాగితాల సంగతి చూసుకో. కాలేజీ నుంచి పంపే ఉత్తరం, ఆఫీసు వాళ్లిచ్చే అంగీకార పత్రం, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు ఒక ఫైలులో పెట్టుకో. పిల్లలు దెబ్బ తినేది చివర్లో, సర్టిఫికెట్ దగ్గర. అందులో నీ పేరు మార్కుల మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఇంటి పేరు పొట్టి అక్షరంతో సహా. రిజిస్టర్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, లెటర్‌హెడ్, సంతకం, రబ్బరు స్టాంపు, అన్నీ ఉండాలి. ఆ తేదీలూ, రోజూ చేసిన పని రాసే లాగ్‌బుక్కులో తేదీలూ ఒకటి కాకపోతే కాలేజీలో తిప్పి పంపుతారు. అందుకని నువ్వే ఒక నమూనా టైపు చేసి, చివరి వారం మొదట్లోనే ఆడిటర్ సార్‌కి చూపించు. ఆఖరి రోజు అడిగితే ఆయన ఊళ్లో ఉండడు.

లాగ్‌బుక్కు ఏ రోజుది ఆ రోజే రాయి. సాయంత్రం రైల్లో సీటు దొరికితే అక్కడే రాసేయ్, అయిదు నిమిషాల పని. ఆఫీసులో లెక్కలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ట్యాలీ. "ట్యాలీ ఎంట్రీలు చేశాను" అని ముప్పై రోజులు ఒకే వాక్యం రాస్తే కాలేజీలో వైవాలో, అంటే నోటి పరీక్షలో, నోరు పెగలదు. "ఎరువుల షాపు వాళ్ల కొనుగోలు బిల్లులు 42 ఎక్కించాను, రెండింటిలో జీఎస్టీ నంబరు తప్పు, ఫోన్ చేసి సరిచేయించాం" అని రాస్తే ఆ ఒక్క లైను మీదే పది నిమిషాలు మాట్లాడొచ్చు. పార్టీ పేరు మాత్రం రాయబాకు, వ్యాపారం రకం చాలు.

ఇక అసలు పని. మొదటి వారం నీకిచ్చేది సంచీడు బిల్లులు. పిన్నులు తుప్పు పట్టి, టీ మరకలతో వస్తాయి. నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబాకు. ముందు కొనుగోళ్లు, అమ్మకాలు, ఖర్చులు, బ్యాంకు కాగితాలు అని నాలుగు కుప్పలు చెయ్యి. ఒక్కో కుప్పనీ తేదీల వరసలో పెట్టి, మూలన పెన్సిల్‌తో నంబరు వెయ్యి. ట్యాలీలో ఆ నంబరే వివరం దగ్గర కొట్టు. రేపు ఎవరన్నా "ఈ 17,700 ఏందిరా" అంటే అర నిమిషంలో కాగితం తీసియ్యగలగాలి.

జీఎస్టీ నంబరులో 15 అంకెలూ అక్షరాలూ ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం: మనకి 37, తెలంగాణకి 36, తమిళనాడుకి 33. తర్వాత పది ఆ పార్టీ పాన్ నంబరు. 13వది ఆ పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెప్తుంది, 14వది మామూలుగా జెడ్, చివరిది సరిచూసుకునే గుర్తు. పాన్‌లో ముందు అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, ఆ తర్వాత ఒక అక్షరం. ఇది తెలిస్తే మసకగా పడిన బిల్లులో సున్నానా, 'ఓ' అక్షరమా అనే అనుమానం రాదు. మూడు నుంచి ఏడు దాకా అంకె ఉండదు, ఎనిమిది నుంచి పదకొండు దాకా అక్షరం ఉండదు. ఆరో స్థానం కూడా చూడు. 'పి' అయితే సొంత మనిషి, 'ఎఫ్' అయితే భాగస్వామ్యం, 'సి' అయితే కంపెనీ. బిల్లు మీద ప్రైవేట్ లిమిటెడ్ అనుంటే, ఆరోది 'పి' అయితే ఎక్కడో తేడా ఉన్నట్టు.

మన నెల్లూరు వ్యాపారులు సగం సరుకు చెన్నై నుంచి తెస్తారు. అందుకే కొత్త పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, 33తో మొదలైన బిల్లుని అలవాటుగా సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ కింద కొట్టడం. ఆ రెండూ ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకం మీద కేంద్రానికీ రాష్ట్రానికీ పోయే పన్నులు. చెన్నై నుంచి మన షాపుకి వచ్చిన సరుకు మీద ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకం మీద పన్ను, పడుతుంది. మొత్తం ఒకటే గదా అనుకుంటావు. 14న 2బితో పోల్చినప్పుడు ఏదీ కలవక రాత్రి తొమ్మిదిదాకా కూర్చుంటావు. ఇంకో మెలిక ఉంది. యజమాని చెన్నైలో లాడ్జిలో దిగిన బిల్లు మీద సీజీఎస్టీ, తమిళనాడు ఎస్జీఎస్టీ ఉంటాయి, అది తప్పు కాదు. గది ఎక్కడుంటే పన్ను అక్కడిది. దాని క్రెడిట్, అంటే ఆ పన్నుని మనం కట్టేదాంట్లోంచి తగ్గించుకోవడం, మన ఆంధ్రా రిజిస్ట్రేషన్‌కి రాదు. దిద్దడానికి పూనుకోక, పక్కన పెట్టి సీనియర్‌కి చూపించు.

ట్యాలీలో కొనుగోలు ఎఫ్9, అమ్మకం ఎఫ్8, చెల్లింపు ఎఫ్5, రాబడి ఎఫ్6, జర్నల్ ఎఫ్7 అని కాలేజీలో నేర్పుంటారు. నేర్పనిది రెండు. ఎఫ్2 నొక్కి తేదీ మార్చకుండా కొట్టుకుంటూ పోతే ముప్పై బిల్లులూ ఒకే రోజు మీద పడతాయి. బ్యాంకులో నగదు వేసినా తీసినా అది ఎఫ్4 కాంట్రా, చెల్లింపు కాదు. బ్యాంకు నిల్వ స్టేట్‌మెంట్‌తో కలవకపోతే తేడాని 9తో భాగించు. నిశ్శేషంగా పోతే బహుశా అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి: 5,640ని 5,460 అని కొడితే తేడా 180. పోకపోతే తేడాలో సగం తీసుకుని ఆ మొత్తం కోసం వెతుకు. రాబడిని చెల్లింపుగా కొట్టుంటే అక్కడ దొరుకుతుంది. 750 అట్టా కొడితే తేడా 1,500 వస్తుంది. ఈ రెండూ చేయకుండా మొదటి నుంచి టిక్కులు పెట్టుకుంటూ రావడం వృథా.

పోర్టల్లో రిటర్ను వేసేటప్పుడు మామూలుగా ఓటీపీ పార్టీ ఫోనుకి పోతుంది. ముందు ఫోన్ చేసి, ఆయన ఫోన్ చేతిలో ఉందని తెలిశాకే ఓటీపీ పంపు. పాస్‌వర్డులు నీ వాట్సాప్‌లో దాచుకోబాకు. "ఫస్ట్ డే ఎట్ ఆఫీస్" అని స్టేటస్ పెట్టేటప్పుడు వెనక స్క్రీన్ మీద ఎవరి లెక్కలున్నాయో చూసుకో, అదొక్కటి చాలు నిన్ను పంపించెయ్యడానికి.

రాకపోకల సంగతి. కావలి నుంచి నెల్లూరు రైల్లో 50 కిలోమీటర్ల చిల్లర. నెలవారీ సీజన్ పాసు తీసుకో, దాంతోపాటు గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. ఏ బండ్లలో చెల్లుతుందో, సూపర్‌ఫాస్టు సర్‌చార్జి కలిపి కట్టాలో లేదో పాసు తీసుకునేటప్పుడే కౌంటర్లో అడుగు. స్లీపర్లో ఎక్కి "పాసుంది సార్" అంటే టీటీఈ వినడు. తేడా ఛార్జీ పైన కనీసం 250 జరిమానా. ఇంట్లోంచి కదిలేముందు బండి ఎక్కడుందో ఫోన్లో చూడు. అరగంటకి మించి లేటయితే స్టేషన్‌కి పోకుండా నేరుగా ఆర్టీసీ బస్టాండుకే పో. ప్లాట్‌ఫారం మీద "వచ్చేస్తది" అని కూర్చుంటే రెండూ పోతాయి.

వానాకాలం మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా. నెల్లూరులో గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండ్ అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. ఆటో చుట్టు తిరిగిపోవాలి, ఆ టైము కలుపుకో. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. అట్టాంటి రోజు పొద్దన్నే ఏడు లోపల ఆఫీసుకి ఫోన్ చేసి రాలేనని చెప్పు, లాగ్‌బుక్కులో సెలవనే రాయి. రైళ్లు ఆగిన రోజు హాజరు వేసుకుంటే చూసే లెక్చరర్‌కి నవ్వొస్తుంది. కాలేజీకి కావలసిన గంటలకన్నా ఒక వారం ఎక్కువ ఉండేట్టు ముందే చూసుకుంటే ఈ బాధ ఉండదు.

తిండి గురించి రెండు ముక్కలు. ఎండాకాలంలో సాంబారన్నం మధ్యాహ్నానికి వాసనొస్తుంది. మీ అమ్మని గోరువెచ్చని అన్నంలో పాలు పోసి ఒక చెంచా పెరుగు కలిపి కట్టమను, ఒంటిగంటకి సరిగ్గా తోడుకుని ఉంటుంది. చేపల పులుసు మర్నాటికే రుచి, ఒప్పుకుంటా. కానీ ఏసీ గదిలో ఆ బాక్సు తెరవబాకు. కారందోశ తినాలనిపిస్తే సాయంత్రం తిను, పొద్దన్నే తింటే పదకొండింటికి నిద్ర ముంచుకొస్తుంది.

ఇప్పుడు నీ మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులున్నాయి. దిగేటప్పుడే కండక్టర్ని చివరి బస్సు ఎన్నింటికో అడుగు. నీళ్లు మోకాళ్లు దాటనీయబాకు. పక్కనంతా అలలు విరిగి నురగ వస్తుంటే మధ్యలో ఒకచోట నురగ లేకుండా, రంగు మారి, ప్రశాంతంగా కనబడుతుంది చూడు, పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. నీళ్లు వెనక్కి సముద్రంలోకి లాగే దారి అది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే చేతులు పట్టుకుని గొలుసుగా దిగబాకండి, ఖాళీ నీళ్ల క్యానో ట్యూబో విసిరి, బెస్తవాళ్లని కేకెయ్యండి, 112కి ఫోన్ కొట్టండి. తాగినోడు నీళ్లలోకి పోకూడదు, అంతే. అసలు మన రాష్ట్రంలో మందుకి 21 నిండాలి, నీకింకా నిండలేదు. మీ అమ్మకి చెప్పను గానీ గుర్తు చేస్తున్నా.

సినిమాకి సూళ్లూరుపేట పెద్ద తెర దగ్గరికి పోదామంటారు మీ వాళ్లు, తెలుసు. నెల్లూరు నుంచి అటు దాదాపు వంద కిలోమీటర్లు. పోండి, కానీ పగటి ఆటకి, రైల్లోనో బస్సులోనో. సెకండ్ షో చూసి బైకు మీద రావడం మాత్రం వద్దు. హైవే మీద ఒంటిగంట దాటాక పక్కన లైట్లు లేకుండా నిలబెట్టిన లారీ దగ్గరికొచ్చేదాకా కనబడదు. నీకు నిద్ర, ఎదుటోడికీ నిద్ర. ముగ్గురు ఎక్కితే వెయ్యి జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోతుంది. మందు తాగి దొరికితే మొదటిసారే పదివేలదాకా. నెల్లూరులోనే సెకండ్ షో చూస్తే రాత్రికి కావలి రాబాకు, స్నేహితుడి గదిలో పడుకో. ఎవరి గదో, ఏ వీధో, వాడి ఫోన్ నంబరేందో సాయంత్రం ఆరులోపలే మీ అమ్మకి మెసేజీ పెట్టు. రాత్రి పదకొండున్నరకి పెడితే అది సమాచారం కాదు, ఆమెకి నిద్ర లేకుండా చెయ్యడం. చార్జింగ్ ఇరవై శాతానికి పడితే వీడియోలు ఆపెయ్.

బట్టలకి ఎక్కువ ఖర్చు పెట్టబాకు. ముదురు రంగు ప్యాంట్లు రెండు, చొక్కాలు మూడు చాలు. షూ అక్కర్లేదు, రైలు ప్రయాణానికి చెప్పులే హాయి.

సోమవారం నెల్లూరులో దిగగానే ఫోన్ చెయ్యి. స్టేషన్ బయట ఆటోవాడు మాగుంట లేఅవుట్‌కి ఎంతడిగాడో చెప్పు, ఎంత ఇవ్వాలో నేను చెప్తా.

మీ మామ