బైక్ విండ్‌షీల్డ్‌ను దొంగల నుంచి, గాలి నుంచి ఎలా కాపాడుకోవాలి?

మీ 350 సీసీ బండికి తీసి పెట్టుకునే విండ్‌షీల్డ్ కొన్నారు. నాలుగు నాబ్‌లు తిప్పితే చేతిలోకి వచ్చేస్తోంది కాబట్టి, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని ఒక భయం, హైవే మీద గాలికి ఊడిపోతుందేమో అని ఇంకో భయం. రెండూ నిజమైన భయాలే. ఈ రెండు దెబ్బలూ నేను తిన్నాను.

మొదటి విండ్‌షీల్డ్ పోయింది ఒక కొండ కింద పార్కింగ్‌లో. హ్యాండిల్ లాక్ వేసి దర్శనానికి వెళ్లి రెండు గంటల్లో తిరిగి వచ్చాను. బండి నిలబెట్టిన చోటే ఉంది. ట్యాంకు మీద రెండు నల్ల రబ్బరు వాషర్లు పడి ఉన్నాయి, అంతే. ఏ పనిముట్టూ అవసరం లేకుండా చేత్తో తిప్పి తీసుకుపోయారు. మనకు సౌకర్యంగా ఉండాలని పెట్టిన నాబ్ వాళ్లకూ అంతే సౌకర్యం.

ఆ తర్వాత బీమా సంగతి చూస్తే ఇంకో బాధ. ద్విచక్ర వాహనాల ప్యాకేజీ పాలసీలో (మన బండి నష్టానికి కూడా వర్తించే బీమా) సాధారణంగా ఒక షరతు ఉంటుంది: బండి కూడా పోతే తప్ప, విడిభాగంగా పోయిన యాక్సెసరీలకు పరిహారం ఉండదు. మీ పాలసీ కాగితం తీసి ఒకసారి చదవండి. పోయాక అడిగేందుకు ఎవరూ ఉండరు కాబట్టి పోకుండా చూసుకోవడమే మన పని.

రెండో విండ్‌షీల్డ్‌కు నేను మొదట చేసింది నాబ్‌లు మార్చడం. ఒక నాబ్ విప్పి నట్లు, బోల్టులు అమ్మే దుకాణానికి తీసుకెళ్లి, అదే కొలతలో టార్క్స్ సెక్యూరిటీ బోల్టులు అడిగాను. నక్షత్రం ఆకారపు గుంటలో మధ్యన చిన్న పుల్ల ఉంటుంది. మామూలు అలెన్ కీ అందులో దూరదు. నాలుగూ మార్చనక్కర్లేదు, ఎదురు మూలల్లో రెండు చాలు. వాటి కీ మన తాళాల గుత్తిలో ఉంటే మనకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టుదలగా వచ్చిన దొంగను ఇవి ఆపలేవు, కానీ దారిన పోతూ చెయ్యి వేసేవాడిని ఆపుతాయి. విండ్‌షీల్డ్ ప్లాస్టిక్ షీట్‌ను దాన్ని మోసే ఇనుప పట్టీలకు బిగించిన నట్లు కూడా చూడండి. అక్కడ నైలాన్ రింగు ఉన్న లాక్‌నట్లు వేయించండి, లేదంటే పట్టీలు వదిలేసి షీటు మాత్రం విప్పుకుపోతారు.

అసలు ఉపయోగపడేది తీగ. ప్లాస్టిక్ తొడుగున్న 3 మిల్లీమీటర్ల స్టీలు తీగను రెండు చివర్లా ఉచ్చులా నొక్కించి, విండ్‌షీల్డ్ ఇనుప పట్టీ లోపలి నుంచి దూర్చి, హ్యాండిల్ బార్ చుట్టూ తిప్పి చిన్న తాళం వేశాను. బార్ చుట్టూ ఎక్కడో ఒక చోట కాదు, హ్యాండిల్‌ను పట్టుకునే రెండు రైజర్ల మధ్యనే వేయాలి. అక్కడైతే ఉచ్చు ఏ వైపూ జారి బయటికి రాదు. ఇంకో లాభం, విండ్‌షీల్డూ హ్యాండిలూ కలిసే తిరుగుతాయి కాబట్టి తీగ బిగుసుకోదు. చాలామంది ఛాసిస్‌కు కడతారు, అది ప్రమాదం. మలుపులో తీగ హ్యాండిల్‌ను పట్టేస్తే పడిపోతాం. కట్టిన తర్వాత బండిని నిలబెట్టి హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి వరకు తిప్పి చూడండి. క్లచ్ కేబుల్‌కూ బ్రేకు గొట్టానికీ తీగ తగలకూడదు. తాళం ట్యాంకుకు కొట్టుకోకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను.

ఇప్పుడు గాలి సంగతి. గాలి ఒత్తిడి వేగంతో పాటు నెమ్మదిగా పెరగదు, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తున్న విండ్‌షీల్డ్ నిటారుగా ఉంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దాని మీద పడే బరువు రెండు కిలోల లోపే. 80లో సుమారు 7 కిలోలు. అదే 80లో వెళ్తుంటే ఎదురుగా 30 కిలోమీటర్ల గాలి వీచిందనుకోండి, సుమారు 13 కిలోలు. ఆ బరువంతా నాలుగు చిన్న బోల్టులు మోయాలి, అదీ ఇంజన్ అదురుతూ ఉండగా. విండ్‌షీల్డ్‌ను కొంచెం వెనక్కి వంచితే ఈ భారం తగ్గుతుంది. పై అంచు ముక్కు ఎత్తుకు వచ్చేలా పెట్టుకోండి, దాని మీదుగా రోడ్డు చూడాలి గానీ దానిలోంచి కాదు. నాలుగు వరుసల రోడ్ల మీద మోటారు సైకిళ్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 80. విండ్‌షీల్డ్ హ్యాండిల్ మీద ఉన్న బండికి నేనైతే అదే హద్దు అంటాను. గాలి నేరుగా హ్యాండిల్‌ను లాగుతుంది కాబట్టి అంతకు మించితే ముందు చక్రం ఊగడం చేతికి తెలుస్తుంది.

కొవ్వూరు దగ్గర గోదావరి నాలుగో వంతెన మీద ఒక సాయంత్రం ఇదే జరిగింది. నదిమీద అడ్డగాలి. లారీ పక్కన వెళ్తున్నంతసేపు దాని చాటు దొరికింది. చాటు తప్పగానే గాలి ఒక్కసారి కొట్టింది. టక్‌మని చప్పుడు, విండ్‌షీల్డ్ ఎడమ వైపు లేచి నా ఛాతీ మీదికి వాలింది. ఎడమ వైపు కింది నాబ్ అదురుకి వదులై ఎక్కడో పడిపోయింది, పై బోల్టు ఊడి వచ్చింది. ఆ రోజు తీగ లేకపోతే అది నా మెడకో, వెనకవాళ్ల చక్రం కిందికో పోయేది. దొంగ కోసం కట్టిన తీగ దాన్ని అరచేయి దూరంలో పట్టి ఆపింది. వేగం తగ్గించి, పక్కకు తీసి, చేతులు వణుకుతుండగా విప్పి సంచీలో పెట్టుకున్నాను. అప్పటి నుంచి బండి మీద విండ్‌షీల్డ్ ఉందంటే తీగ కూడా ఉంటుంది, తాళం అవసరం లేని చోట కూడా. తీగ పొడవు తక్కువగా ఉంచండి, ఊడిన షీటు ముందు చక్రాన్ని అందుకోకూడదు.

బోల్టు వదులవడాన్ని ముందే పట్టుకోవడానికి గోళ్ల రంగు వాడండి. బిగించాక బోల్టు తల మీద నుంచి క్లాంపు (బోల్టు బిగించే ఇనుప పట్టు) మీదికి ఒక గీత గీస్తే చాలు. బయలుదేరేటప్పుడు గీత కలిసి ఉందో విరిగిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. బోల్టు వదులవకుండా దాని మరల్లో వేసే థ్రెడ్‌లాకర్ జిగురు పోస్తామని మెకానిక్కులు అంటారు. ఇనుప క్లాంపుల్లో నీలం రంగుది మంచిదే, కానీ ప్లాస్టిక్ షీటుకు తగిలే బోల్టుకు వద్దు. ఆ జిగురు యాక్రిలిక్, పాలికార్బొనేట్ ప్లాస్టిక్ షీట్లకు రంధ్రం చుట్టూ పగుళ్లు తెప్పిస్తుంది. అక్కడ రబ్బరు వాషరు, లాక్‌నట్టు, చేతికి బిగువు తగిలే వరకే. ఎండకు యాక్రిలిక్ షీటు 45 సెంటీమీటర్లకు దాదాపు 1 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది, అందుకే రంధ్రం బోల్టు కంటే కాస్త పెద్దదిగా ఉండి మధ్యలో రబ్బరు ఉండాలి. పెట్రోలుతో తుడవకండి.

సముద్రం దగ్గర ఉండేవాళ్లైతే స్టెయిన్‌లెస్ బోల్టులే తీసుకోండి, నెలకోసారి విప్పి తుప్పు చూడండి.

రాత్రి బయట నిలిపే బండి అయితే మాత్రం ఏ బోల్టునూ ఏ తీగనూ నమ్మను. విప్పి గదిలోకి తీసుకెళ్తాను. గీతలు పడకుండా పాత నూలు దుప్పటితో కుట్టించిన సంచీ ఉంది. తీసి పెట్టుకునే విండ్‌షీల్డ్ కొన్నదే అందుకు. పగలు గంట రెండు గంటల ఆగడానికి బోల్టులు, తీగ సరిపోతాయి. ముందుగా మీ రైజర్ల మధ్య ఖాళీ, పట్టీ నుంచి అక్కడికి దూరం టేపుతో కొలవండి, తీగ ఆ కొలతకు కోయించండి. నా బండికి 40 సెంటీమీటర్లు పట్టింది.