ఊపితే ఆడే రిమోట్: రెండు ప్రశ్నలు, ఒక చిన్న జవాబు

ప్రశ్న: మా ఇంట్లో పాత నింటెండో వీ (టీవీకి తగిలించే ఆటల మిషను) ఉంది. టీవీ మీద పెట్టే సెన్సర్ బార్ తీగను ఎలుక కొరికింది. ఎలాగో ఆట మొదలైతే టెన్నిస్ బాగానే ఆడుతోంది. కానీ మెనూలో చెయ్యి గుర్తు వస్తూ పోతూ ఉంది. మా గుంటలు గోల పెడుతున్నారు. కొత్త బార్ కొనాలా?
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అక్కర్లేదమ్మా. పేరుకు సెన్సర్ బారే గానీ అందులో సెన్సరే లేదు. రెండు చివర్లా ఐదేసి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, వాటికి కరెంటు తెచ్చే తీగ, అంతే. కెమెరా ఉన్నది రిమోట్ ముందు కొసలో. ఆ రెండు వెలుగులు తనకు ఎక్కడ కనబడుతున్నాయో చూసుకుని, మీరు ఎటు చూపిస్తున్నారో లెక్కగడుతుంది. ఊపును పట్టేది వేరే చిప్పు, గురుత్వానికి మూడింతల ఊపు దాకా కొలిచే (±3జీ) యాక్సిలరోమీటర్. టెన్నిస్ ఆగకపోవడానికి కారణం అదే.

మిషను ఆపి, ప్లగ్గు తీసి, కొరికిన చోట తీగ కోయండి. లోపల రెండే వైర్లు. ఏది దేనికో చూసి కలిపి, టంకం పెట్టి, విడివిడిగా టేపు చుట్టండి. తర్వాత ఫోన్ సెల్ఫీ కెమెరాలో బార్‌ని చూడండి. రెండు చివర్లా ఊదారంగు వెలుగు కనబడితే బాగైనట్టే.

తీగ పనికిరాకపోతే మీరే చేసుకోవచ్చు. 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు మూడు వరసగా, వాటికి 47 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఇది ఒక చివరకి. రెండో చివరకి ఇలాంటిదే ఇంకొకటి. మధ్య దూరం 20 సెంటీమీటర్లు. కరెంటు 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ నుంచి ఇవ్వండి. పవర్ బ్యాంకు వద్దు, వాడకం మరీ తక్కువని చాలావరకు దానంతటదే ఆగిపోతుంది. టీవీ పక్కనే దేవుడి దీపం వెలుగుతుంటే రిమోట్ దాన్నీ ఒక చుక్కగా లెక్కేస్తుంది. గుర్తు వణికితే ముందు అది చూడండి.

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డు, ఎంపీయూ6050 (యాక్సిలరోమీటర్, తిరిగే వేగాన్ని కొలిచే గైరో రెండూ ఉన్న చిప్పు)తో ఇలాంటి రిమోట్ చేస్తున్నాను. త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి చెయ్యి ఎక్కడుందో తెలుసుకుందామంటే, బల్ల మీద కదలకుండా పెట్టినా తెర మీద ఎటో పారిపోతోంది.
- ఇంజనీరింగ్ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేకపోయినా అది పారిపోతుంది. సెన్సర్ సున్నా చూపాల్సిన చోట సెకనుకు సెకనుకు 0.1 మీటరు తేడా చూపిందనుకోండి. 3 సెకన్లలో 45 సెంటీమీటర్లు, 10 సెకన్లలో 5 మీటర్లు! స్థానం సంగతి వదిలేయండి, కోణం పట్టుకోండి.

రిమోట్‌ని బల్ల మీద ఉంచి గైరో రీడింగులు 1000 తీసి, తర్వాత వచ్చే ప్రతి రీడింగులోంచీ ఆ సగటును తీసేయండి. చిప్పు వేడెక్కితే ఆ సగటు మారుతుంది కాబట్టి ఆన్ చేసి కాసేపయ్యాకే ఈ పని చేయాలి. తర్వాత కొత్త కోణం = 0.98 × (పాత కోణం + గైరో వేగం × గడిచిన కాలం) + 0.02 × యాక్సిలరోమీటర్ కోణం. గడిచిన కాలాన్ని 0.01 సెకను అని రాసి వదిలేయకండి. మధ్యలో సీరియల్ ప్రింట్లుంటే లూపు నెమ్మదిస్తుంది, కోణం తప్పుతుంది. ప్రతి సారీ మైక్రోసెకన్లలో కొలవండి.

యాక్సిలరోమీటర్ మొదట్లో ±2జీలో ఉంటుంది, గట్టిగా ఊపితే దాటిపోతుంది. ±8జీకి మార్చి, వచ్చిన రీడింగును 4096తో భాగించండి. రీడింగులన్నీ సున్నాలే వస్తుంటే చిప్పు నిద్రలో ఉన్నట్టు, 0x6బీ రిజిస్టర్‌లో 0 రాయండి.

ఇంత చేసినా కుడిఎడమల తిరుగుడు జారుతూనే ఉంటుంది. గురుత్వం నేలవైపే లాగుతుంది కనుక ఆ తిరుగుడు యాక్సిలరోమీటర్‌కి కనబడదు. 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో అప్పటి నింటెండో అధ్యక్షుడు సటోరు ఇవాటా చూపించి, 2006 నవంబరులో అమ్మకానికి వచ్చిన వీ రిమోట్‌లో గైరో లేనే లేదు. గురి చూసే పనంతా కెమెరాదే. గైరో 2009లో, రిమోట్‌కి తగిలించే మోషన్‌ప్లస్‌తో వచ్చింది. మీ రిమోట్‌లో కెమెరా లేదు కాబట్టి, నొక్కగానే కోణం సున్నా అయ్యే బటన్ ఒకటి తప్పక పెట్టండి.

బ్లూటూత్ కలవగానే బోర్డు రీసెట్ అవుతుంటే బోర్డుకి 3.3 వోల్టులు అందించే రెగ్యులేటర్ చూడండి. ఏఎంఎస్1117కి దాదాపు ఒక వోల్టు పోతుంది. 3.7 వోల్టుల సెల్లు నుంచి 3.3 రావు. తక్కువ వోల్టేజీ పోగొట్టే ఏపీ2112 లాంటి రెగ్యులేటర్ వేసి, పక్కన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

ప్రశ్న: రిమోట్‌లో సెల్లు పెట్టే చోట పచ్చగా పట్టింది. - కళింగపట్నం

జవాబు: సముద్రపు గాలికి పడుతుంది, సెల్లు కారినా పడుతుంది. దూదిపుల్లతో నిమ్మరసం రాసి రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాకే సెల్లు వేయండి. ఆడని రోజుల్లో సెల్లు బయట పెట్టండి.