టాటూ ఆర్టిస్టుకి ఇన్‌స్టాగ్రామ్ తప్పనిసరా? రోజువారీ పనిని అది ఎంత మారుస్తుంది?

కొత్తగా సొంతంగా పని మొదలుపెట్టేవాళ్లకి అది లేకపోతే కష్టమే. ఇప్పుడు చాలామంది బోర్డు చూసి రారు, పేజీ చూసి వస్తారు. అయితే ఫీడ్‌లో మెప్పు పొందేది ఒకటి, చర్మం మీద నిలిచేది ఇంకొకటి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

వేసిన రోజు ఫొటోలో ఇంకు చిక్కగా, గీత పదునుగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో పైపొర ఊడి కొత్త చర్మం వస్తుంది. ఇంకు ఉండేది దాని కింద, డెర్మిస్ అనే లోపలి పొరలో. అందుకే మానాక ఏ రంగైనా ఒంటి రంగులోంచే కనబడుతుంది. చామనఛాయ మీద తెల్ల ఇంకుతో పెట్టిన మెరుపులు ముందుగా వెలిసిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గీతలు కొంచెం లావెక్కుతాయి, ఇరుకుగా రాసిన అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి. తెలుగు ఒత్తులైతే మరీనూ. రీల్స్‌లో బాగా తిరిగేవి మాత్రం ఈ సన్నగీతల బుల్లి బొమ్మలే! ఎవరైనా అలాంటి స్క్రీన్‌షాట్ తెస్తే వాదించకండి. స్టెన్సిల్‌ని, అంటే ముందుగా ఒంటి మీద అంటించే గీతల నమూనాని, రెండు సైజుల్లో తీసి, రెండూ ఒంటి మీద పెట్టి, అద్దంలో దూరంగా నిలబడి చూసుకోమనండి. పెద్దదాన్ని చాలాసార్లు వాళ్లే ఎంచుకుంటారు.

పేజీలో మానిన టాటూల ఫొటోలే ముందుండాలి. అవి దొరకడమే కష్టం, పని అయ్యాక మనిషి మళ్లీ రాడు. కాబట్టి మొదటి రోజే ఆరు వారాల తర్వాతి తేదీ రాసిచ్చి, ఆరోజు టచప్ (వెలిసినచోట మళ్లీ ఇంకు దిద్దడం) ఉచితమని చెప్పండి. అప్పుడు అదే లైటులో, అదే కోణంలో ఫొటో తీయండి. తడి చర్మం మీద వెలుగు తళుక్కుమంటే లెన్సుకి పోలరైజింగ్ ఫిల్టరు, లైటు ముందు పోలరైజింగ్ షీటు పెట్టి, తళుకు పోయేదాకా ఫిల్టరు తిప్పండి. ఎడిటింగ్‌లో కాంట్రాస్టు పెంచి నలుపు ముదర చేస్తే, రాబోయే కస్టమరు ఆ నలుపే కావాలంటాడు.

వీడియో తీయడంలో అసలు ప్రమాదం టైము వృథా కాదు, గ్లౌజులతో ఫోను ముట్టుకోవడం. రక్తం, ఇంకు అంటిన చెయ్యి ఫోను మీదికి, అక్కణ్నుంచి మళ్లీ చర్మం మీదికి. కూర్చునే ముందే ఫోను స్టాండుకి బిగించి రికార్డింగు నొక్కేయండి. మధ్యలో ముట్టుకోక తప్పకపోతే గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, కొత్తవి వేసుకోవాలి. నన్నడిగితే స్టెన్సిల్ అంటించడం, చివరి తుడుపు, ఈ రెండూ తీస్తే చాలు. ఫొటోకీ వీడియోకీ ఒప్పుదల సంతకం విడిగా ఉండాలి, టాటూ వేయించుకోవడానికి పెట్టే సంతకంలో కలిపేయకూడదు.

మెసేజీల్లో బుకింగు పెట్టుకుంటే రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఒక ఫారం లింకు పెట్టండి: ఒంటిమీద ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, రంగా నలుపా, అలర్జీలు, వాడే మందులు, వీలైన తేదీలు. అడ్వాన్సు అందాకే డిజైను మొదలుపెట్టండి, దాన్ని ముందే పంపకుండా అపాయింట్‌మెంటు రోజు చూపించండి. ముందే పంపితే అది వేరేచోట తక్కువకి వేయించుకునే కాపీ అవుతుంది. టాటూ ఫొటో పంపి ‘ఇది ఇన్‌ఫెక్షనా?’ అని అడిగితే తీర్పు చెప్పొద్దు. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి.

ఇంకొకటి. అకౌంటు హ్యాక్ కావచ్చు, పొరపాటున బ్లాకు కావచ్చు, ఛాతీ తొడల ఫొటోలు అశ్లీలమని తొలగించవచ్చు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. కస్టమర్ల ఫోను నంబర్లు, రాబోయే తేదీలు, ఒరిజినల్ ఫొటోలు వారానికోసారి ఆ యాప్ బయట ఇంకోచోట దాచుకోండి.